కాలేయం చెడినచోట లవణాల లెక్క

తాగుడు వల్ల కాలేయం చెడిన మనిషిని ఆసుపత్రిలో చేర్చగానే ఇంటివాళ్ళు ముందుగా అడిగేది బిలిరుబిన్ ఎంతుందని. ఆ తర్వాత పొట్టలో నీరు ఎప్పటికి తగ్గుతుందని. రెండూ అడగవలసినవే. అయితే అదే మనిషికి రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి నిద్ర ఉండదు. చేతులు వణుకుతాయి. నాలుగు మెట్లెక్కితే తొడల్లో సత్తువ చాలదు. నోటికి రుచి తెలియదు. స్నానాల గదిలో కాలు జారితే చాలు, తుంటి విరుగుతుంది. వీటన్నిటినీ "తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఆ మాటలో నిజముంది. కానీ ఒంట్లో తగ్గిపోయినవాటికి పేర్లున్నాయి: మెగ్నీషియం, ఫాస్ఫేటు, కాల్షియం, పొటాషియం, జింకు, విటమిన్ డి. చాలామటుకు వీటిని కొలవవచ్చు, సరిదిద్దవచ్చు. గత డెబ్బై ఏళ్ళ పరిశోధన ఈ విషయంలో ఏం తేల్చింది, బీదరు చుట్టుపక్కల మన తిండికీ తాగుడుకీ అది ఎలా వర్తిస్తుంది అన్నది ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ లోపాలను విడివిడిగా చదివి, ఒక్కోదానికీ ఒక్కో మాత్ర రాస్తే పని జరగదు. వీటికి ఒక వరస ఉంది. ఆ వరసలో ముందు చూడాల్సింది మెగ్నీషియం. తరచుగా వదిలేసేదీ అదే.

బీదరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. ఇప్పటికీ కన్నడ, మరాఠీ, ఉర్దూల పక్కన తెలుగు వినిపించే ఊరు. జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెల నుంచి వైద్యానికి బీదరు వెళ్ళేవాళ్ళున్నారు. హుమ్నాబాద్, భాల్కి నుంచి జబ్బు ముదిరాక హైదరాబాద్ వచ్చేవాళ్ళూ ఉన్నారు. తాగుడుకూ సరిహద్దు లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు మొదలుపెట్టిన ఉద్యమం ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా ఆగింది. కర్ణాటకలో 2007 జూలై 1న ఆగింది. సారా ఖాళీ చేసిన చోట చవక విస్కీ, బ్రాందీ వచ్చి కూర్చున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం మంది తాగుతారు. అరుణాచల్ ప్రదేశ్ తర్వాత దేశంలో అదే పెద్ద అంకె. ఆడవాళ్ళలోనూ తాగుడు ఉంది. కల్లు అలవాటున్న పల్లెల్లో అదేమీ దాచుకునే సంగతి కాదు. వాళ్ళ కాలేయం తక్కువ మోతాదుకే, తక్కువ ఏళ్ళకే చెడుతుందన్నది స్థిరపడిన విషయం.

ఒక క్వార్టర్ లెక్క వేసి చూద్దాం. 180 మిల్లీలీటర్ల విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్. బరువులో చెప్పాలంటే సుమారు 60 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల చొప్పున 420కి పైగా కేలరీలు. అన్ని కేలరీలు జొన్నపిండి నుంచి రావాలంటే సుమారు 125 గ్రాములు, అంటే రెండు మూడు రొట్టెల పిండి కావాలి. ఆ పిండితోపాటు 160 మిల్లీగ్రాముల మెగ్నీషియం, కొంత జింకు, ఫాస్ఫరస్, మాంసకృత్తులు ఒంట్లోకి వస్తాయి. క్వార్టర్‌తో ఏమీ రావు. ఆకలి మాత్రం చచ్చిపోతుంది, రొట్టె కంచంలోనే మిగిలిపోతుంది. రోజూ ఇదే జరిగితే లోటు కాలేయం చెడకముందే మొదలవుతుంది. ఇది గుర్తుంచుకోవాలి. లవణాల కొరతకు తాగుడు నేరుగా ఒక కారణం, చెడిన కాలేయం ఇంకొక కారణం. చికిత్స కోసం ఇచ్చే మందులు మూడో కారణం.

విటమిన్ డి సంగతి మొదట తీసుకుందాం, దాని గురించి అందరూ విన్నారు కాబట్టి. ఎండ తగిలిన చర్మంలో తయారైన పదార్థం కాలేయానికి వెళ్ళి మొదటి మార్పు చెందుతుంది. తర్వాత మూత్రపిండంలో రెండో మార్పు పొంది పనిలోకి దిగుతుంది. మనం ల్యాబులో కొలిచేది మధ్యదాన్ని, కాలేయం తయారుచేసినదాన్ని. అందుకే కాలేయం చెడితే డి తగ్గుతుందని చాలామంది వివరిస్తారు. వివరణ సగమే సరి. ఈ మొదటి మార్పు చేసే శక్తి కాలేయానికి జబ్బు బాగా ముదిరేదాకా మిగిలే ఉంటుంది. డి తగ్గడానికి వేరే దారులున్నాయి. రక్తంలో దాన్ని మోసే ప్రోటీన్‌ను కూడా కాలేయమే తయారుచేస్తుంది, అది పడిపోతుంది. పైత్యరసం సరిగా పేగులోకి చేరక కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటబట్టవు. మంచానపడ్డ మనిషికి ఎండ తగలదు.

వీటన్నిటికీ ముందు, మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే డి తక్కువ. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు పెద్ద ఆధారం. జబ్బేమీ లేని దక్షిణాది జనంలో విటమిన్ డి తక్కువగా, తిండిలో కాల్షియం తక్కువగా, ఖనిజాలను పేగులో పట్టి ఉంచే ఫైటేటు ఎక్కువగా ఉన్నాయని అది చూపింది. పొలంలో పనిచేసేవాళ్ళకు పట్నంవాళ్ళ కంటే కాస్త మెరుగే గానీ, వాళ్ళకూ చాలినంత లేదు. ఎండ ఎంత ఉన్నా చర్మంలో డి తయారీ బాగా సాగేది పగలు పదకొండు నుంచి రెండు గంటల మధ్య అని ఆ బృందమే తరవాత చూపింది. బీదరుకు ఎండ కొదవలేదు. కానీ ఆ వేళకు నీడపట్టున ఉండేవాళ్ళే ఎక్కువ.

కాలేయ రోగుల్లో ఈ లోటుకు అర్థం ఏమిటన్న దానిపై రెండు అధ్యయనాలు చెప్పుకోదగినవి. 2011లో డెన్మార్క్ పరిశోధకులు తాగుడు వల్ల సిరోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) వచ్చినవారినీ, వేరే కారణంతో వచ్చినవారినీ పోల్చి చూశారు. డి తగ్గుదల కాలేయం ఎంత చెడిందన్న దానిపై ఆధారపడింది గానీ, దేనివల్ల చెడిందన్న దానిపై అంతగా ఆధారపడలేదు. 2013లో ట్రెపో అనే పరిశోధకుడి బృందం, డి బాగా తక్కువున్న తాగుడు కాలేయ రోగుల్లో జబ్బు తీవ్రత, మరణాలు ఎక్కువని చూపింది. దాంతో డి ఇస్తే ప్రాణాలు నిలుస్తాయన్న ఆశ పుట్టింది. కాలేయ జబ్బుల్లో డి మాత్రల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్షల్లో ఆ ఆశకు గట్టి ఆధారం దొరకలేదు. నా ఉద్దేశంలో ఈ రోగుల్లో తక్కువ డి అన్నది ప్రధానంగా జబ్బు ఎంత ముదిరిందో చెప్పే గుర్తు. ఎముక కోసం సరిదిద్దాలి, దానివల్ల కాలేయం బాగవుతుందని చెప్పకూడదు. యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే డి ఇచ్చి, 30 దాటేలా చూడమంది. మన దగ్గర వారానికొకటి చొప్పున 60 వేల యూనిట్ల పొడి పొట్లం రాస్తారు. ఎనిమిది వారాలకని రాసినదాన్ని చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కునేవాళ్ళున్నారు. ఇంకొకచోట 6 లక్షల యూనిట్ల సూది కూడా వేయించుకుంటారు. డి ఒంట్లో కొవ్వులో నిలవుంటుంది. మోతాదు మించితే కాల్షియం పెరిగి మూత్రపిండాల మీదికి వస్తుంది.

ఇక కాల్షియం. ఇక్కడ రిపోర్టు చదవడంలోనే పొరపాటు జరుగుతుంది. ఇద్దరు రోగుల కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నామనుకోండి. ఇద్దరికీ కాల్షియం 7.3 అని ఉంది. మామూలుగా 8.5 పైన ఉండాలి. అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ మొదటి మనిషికి 2.0, రెండో మనిషికి 3.6. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం అల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది. అల్బుమిన్ తగ్గితే మొత్తం అంకె తగ్గుతుంది, ఒంటికి పనికొచ్చే కాల్షియం మాత్రం సరిగానే ఉండవచ్చు. అల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గితే, ఆ తేడాను 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. మొదటి మనిషికి 1.6 కలిపితే 8.9 వచ్చింది, అంటే లోటు లేదు. రెండో మనిషికి 0.3 కలిపితే 7.6. అతనికి నిజంగానే తగ్గింది. చూడటానికి ఒకే అంకె, చేయాల్సిన వైద్యం వేరు. ముదిరిన జబ్బులో ఈ కూడికా సరిగ్గా రాదు, స్వేచ్ఛగా ఉన్న కాల్షియాన్ని విడిగా కొలవగలిగితే అదే మేలు. మోసే ప్రోటీన్ తగ్గడం వల్ల డి అంకెలోనూ ఇదే చిక్కు ఉంది.

ఆ రెండో మనిషికి కాల్షియం సూది వేస్తారు. రెండు గంటలు బాగుంటాడు, మళ్ళీ వేళ్ళు కొంకర్లు పోతాయి. మళ్ళీ వేస్తారు. కారణం చాలాసార్లు మెగ్నీషియంలో ఉంటుంది. కాల్షియం తగ్గినప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ వదిలి ఎముక నుంచి, మూత్రపిండం నుంచి దాన్ని రాబట్టాలి. మెగ్నీషియం బాగా పడిపోతే ఆ గ్రంథి హార్మోన్ వదలదు, వదిలినా ఎముక సరిగా స్పందించదు. పొటాషియం కథా అంతే. మెగ్నీషియం లేకపోతే మూత్రపిండం పొటాషియాన్ని పట్టి ఉంచలేదు. ఎంత పోసినా మూత్రంలో పోతుంది. ఇంకొక మెలిక ఉంది. విటమిన్ డి మార్పులు చేసే ఎంజైములకూ, ఈ రోగులకు తప్పనిసరిగా ఇచ్చే థయమిన్ (విటమిన్ బి1) పనిచేయడానికీ మెగ్నీషియమే కావాలి. నేను వరస అన్నది ఇందుకే. మెగ్నీషియం చూడకుండా మిగతావి ఎన్ని పోసినా నిలవవు.

అది ఎలా పోతుంది? ఆల్కహాల్ మూత్రపిండపు సన్నని గొట్టాలను దెబ్బతీసి మెగ్నీషియాన్ని మూత్రంలో వదిలేలా చేస్తుంది. 1993లో ఇటలీ వైద్యులు తాగుడు మానిన రోగులను గమనించి, నాలుగు వారాల్లో ఈ లోపం చాలామటుకు సర్దుకుందని ప్రచురించారు. నాకు ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికంటే ధైర్యమిచ్చే అధ్యయనం అదే. దీనికి తోడు విరేచనాలు, వాంతులు, తిండి లేకపోవడం. ఆపైన మనమిచ్చే మందులు. నీరు తగ్గించడానికిచ్చే ఫ్యూరోసెమైడ్ మెగ్నీషియాన్ని తోడేస్తుంది. కాలేయం చెడి మెదడుకు మత్తు కమ్మకుండా ఇచ్చే లాక్టులోజ్‌తో విరేచనాలు మోతాదు మించితే అదీ అంతే. పరగడుపున ఏళ్ళ తరబడి వేసుకునే గ్యాస్ గోళీ పేగులో మెగ్నీషియాన్ని ఒంటబట్టనివ్వదని అమెరికా ఔషధ సంస్థ 2011లోనే హెచ్చరించింది. ఒంట్లోని మెగ్నీషియంలో రక్తంలో ఉండేది ఒక శాతం లోపే కాబట్టి, రిపోర్టులో అంకె సరిగా ఉన్నా లోపల కొరత ఉండవచ్చు. అంకె తక్కువుంటే మాత్రం ఇంకేమీ అనుమానించక్కర్లేదు. తాగుడు ఆపిన మూడు నాలుగు రోజుల్లో వచ్చే వణుకుకూ, ఫిట్స్‌కూ ఈ కొరత ఆజ్యం పోస్తుంది. ఒక జాగ్రత్త. మూత్రపిండాలు పనిచేయనివారికి మెగ్నీషియం ఎక్కిస్తే అది పేరుకుని ప్రమాదం తెస్తుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఇవ్వరాదు.

ఫాస్ఫేటు తీరు వేరు. చేరిన రోజు పరీక్షలో సరిగానే కనిపించి, రెండో మూడో రోజుకు కూలిపోతుంది. వారాల తరబడి సరిగా తినని మనిషికి గ్లూకోజు సీసాలు పెట్టగానే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేటును కణాల్లోకి లాగేస్తుంది. పొటాషియం, మెగ్నీషియం కూడా దాని వెంట పోతాయి. ఫాస్ఫేటు 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి. 1 కంటే కిందికి పడితే కండరాలు లొంగవు, ఊపిరి తీసే కండరాలతో సహా. పల్లెలో ఎవరికి నీరసమైనా ముందు చేసే పని "ఒక సీసా ఎక్కించుకో" అనడం. తాగుబోతు నీరసానికి ఈ సీసాయే అపాయం కాగలదు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని కంటి కదలికలు తప్పడం, తడబాటు, మతిమరుపు శాశ్వతం కావచ్చు. ముందు థయమిన్, తర్వాత గ్లూకోజు. కేలరీలు మెల్లగా పెంచాలి. మొదటి వారం ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం మూడూ మళ్ళీ మళ్ళీ చూస్తుండాలి. చేరిన రోజు ఒక్కసారి చూసి వదిలేస్తే ఈ పతనం కంటపడదు.

సోడియం గురించి మన భాషలోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. "ఉప్పు తగ్గింది" అని వార్డులో చెప్పగానే ఇంటివాళ్ళు మజ్జిగలో, జావలో ఉప్పు దట్టించి పెడతారు. పొట్టలో నీరున్న రోగికి ఒంట్లో సోడియం నిజానికి ఎక్కువే. నీరు అంతకంటే ఎక్కువై, పలచబడి, అంకె తగ్గి కనిపిస్తుంది. ఉప్పు పెట్టినకొద్దీ పొట్ట ఉబ్బుతుంది. రోజుకు అన్నీ కలిపి 5 గ్రాముల ఉప్పు లోపే ఉండాలి. ఊరగాయ, అప్పడం, కారప్పొడి లెక్కలో చేర్చాలి. అలాగని తగ్గిన సోడియాన్ని సూదులతో గబగబా పెంచితే మెదడు కాండంలో నరాల తొడుగు కరిగిపోయే ఉపద్రవం రావచ్చు. 1959లో ఆ జబ్బును మొదటిసారి వర్ణించినప్పుడు రోగులు తాగుడు అలవాటున్నవాళ్ళు, తిండి లేక చిక్కినవాళ్ళే. ఈ రోగుల్లో రోజుకు 8 పాయింట్లకు మించి పెంచకూడదన్నది ఇప్పటి నియమం. పొటాషియం తగ్గితే మూత్రపిండం అమ్మోనియా ఎక్కువ తయారుచేసి మనిషి మత్తులోకి జారతాడు. నీరు తగ్గించే ఇంకొక మందు స్పైరోనోలాక్టోన్ వేసుకుంటున్నవారిలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. కాబట్టి కొబ్బరినీళ్ళు ఒకరికి మందు, ఇంకొకరికి ముప్పు. పరీక్ష చూసుకునే తాగించాలి.

జింకు సంగతి పాతదే. సిరోసిస్ రోగుల రక్తంలో జింకు తక్కువని బోస్టన్‌లో బెర్ట్ వాలీ బృందం 1956లోనే రాసింది. ఆల్కహాల్‌ను విరగ్గొట్టే ఎంజైముకే జింకు కావాలి. అమ్మోనియాను వదిలించే పనికీ కావాలి. రుచి తెలియకపోవడం, రేచీకటి, మానని పుండ్లు దీని గుర్తులు. జింకు మాత్రలతో మత్తు తగ్గుతుందా అన్నదానిపై ప్రయోగాల ఫలితాలు ఒకే దారిలో లేవు. లోటు గుర్తులున్నవారికి కొన్నాళ్ళు ఇవ్వడం సమంజసం. ఇనుము సంగతి దీనికి తలకిందులు. ఆల్కహాల్ ఇనుమును అదుపుచేసే హెప్సిడిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి అది కాలేయంలో పేరుకుంటుంది. పాలిపోయి ఉన్నాడని అందరికీ రక్తం పట్టే టానిక్ తాగించకూడదు. వాంతిలో రక్తం పోయినవారి సంగతి వేరు, వారికి పరీక్ష చేసి ఇవ్వాలి.

ఇవన్నీ చివరికి ఎముకలో తేలతాయి. అయితే ఎముక గుల్లబారడానికి డి, కాల్షియం లోటు ఒక్కటే కారణమనుకుంటే తప్పు. ఎముక కట్టే కణాలను ఆల్కహాలే నేరుగా అణచివేస్తుంది. మగవారిలో టెస్టోస్టిరాన్ పడిపోతుంది, కండ కరుగుతుంది, తూలి పడటం ఎక్కువవుతుంది. తాగుడు మానితే ఎముక కట్టే పని కొన్ని వారాల్లోనే తిరిగి మొదలైన ఆనవాళ్ళు రక్తంలో కనిపిస్తాయి. డి పొట్లం ఒక్కటే ఇచ్చి తాగుడు సాగనిస్తే ఆ ఫలితం రాదు.

తిండి విషయంలో మన పల్లెల్లో జరిగే హాని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కామెర్లనగానే పసరు, ఆ తర్వాత చప్పిడి కూడు. పప్పు బంద్, పాలు బంద్, గుడ్డు బంద్, నూనె బంద్. ఉప్పు తగ్గించడం వరకే మంచిది. మిగతాదంతా అసలే అడుగంటిన మనిషిని మరింత అడుక్కి తోస్తుంది. మాంసకృత్తులు తగ్గించమని డాక్టర్లే చెప్పిన కాలం ఒకటుండేది, అది పోయింది. ఇప్పుడు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటున్నారు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. కందిపప్పు, శనగలు, పెరుగు, గుడ్లతో అది సాధ్యమే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల జొన్నల్లో కాల్షియం 28 మిల్లీగ్రాముల లోపు, రాగుల్లో 364. ఈ ప్రాంతం జొన్నరొట్టె మానక్కర్లేదు, మెగ్నీషియానికి అది మంచి తిండి. రోజూ ఒక పూట రాగిజావ చేరితే కాల్షియం లోటు కొంతమటుకు పూడుతుంది. సిరోసిస్ రోగి కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు కాబట్టి అతనికి ఒక్కరాత్రి పస్తు మామూలు మనిషి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. పడుకోబోయే ముందు రొట్టె ముక్కో, పాలో, జావో తీసుకోవాలి. ఖర్చులేని ఈ మాట డిశ్చార్జి చీటీలో రాయించుకోండి.

పసరు కంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. తాగుడు మానిపిస్తుందని పేరులేని పొడి తెచ్చి, ఆ మనిషికి తెలియకుండా కూరలో కలిపే అలవాటు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, దానిమీద తాగితే రక్తపోటు కూలుతుంది. పాడైన కాలేయానికి ఆ మందే విషం కాగలదు. ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నపళంగా ఆపితేనూ ఫిట్స్ రావచ్చు. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు జనం ఆసుపత్రులకు పరుగులు తీసింది అందుకే. వైద్యుడి కనుసన్నల్లో మానడానికి దారులున్నాయి. సిరోసిస్ ఉన్నవారిలో బాక్లోఫెన్ తాగుడు మానడానికి తోడ్పడిందని ఇటలీలో అడోలొరాటో బృందం 2007లో చూపింది. మూత్రపిండాలు, మత్తు లక్షణాలు చూసుకుని మానసిక వైద్యుడు దాన్ని మోతాదు కట్టి ఇస్తాడు. ముందు ఎవరితో మాట్లాడాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ, కన్నడలోనూ మాట్లాడేవాళ్ళు దొరుకుతారు.